అర్థంకాని వ్యంగ్యచిత్రం: లక్షణావృత్తి వెలుగులో కొన్ని అమెరికన్ పత్రికా కార్టూన్ల పరిశీలన

సారాంశం:
పత్రికల్లో వచ్చే కొన్ని కార్టూన్లు పాఠకుణ్ణి నవ్వించకుండా ఆలోచనలో పడవేస్తాయి. ఆ అర్థంకానితనాన్ని సాధారణంగా పాఠకుని అసమర్థతగానో, చిత్రకారుని వైఫల్యంగానో భావించి వదిలేస్తారు. అది ఒకే రకమైనది కాదనీ, దానిలో స్పష్టమైన భేదాలున్నాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ముఖ్యార్థబాధ, ముఖ్యార్థయోగం, ప్రయోజనం అనే లక్షణావృత్తి అంగాలను కొలమానంగా తీసుకొని, ‘ది న్యూయార్కర్’ పత్రికలోని కొన్ని ప్రసిద్ధ కార్టూన్లనూ, గ్యారీ లార్సన్ గీసిన ‘ఆవు పనిముట్లు’ కార్టూన్‌నూ పరిశీలిస్తుంది. ఈ పరిశీలన తెలుగు కార్టూన్ల సేకరణకూ బోధనకూ ఎలా ఉపకరిస్తుందో చివర సూచిస్తుంది.

కీలక పదాలు: కార్టూన్, హాస్యం, లక్షణ, ముఖ్యార్థబాధ, ప్రహేళిక, సహృదయుడు, ది న్యూయార్కర్.

1. ఉపోద్ఘాతం

కథ అర్థం కాకపోతే పాఠకుడు రచయితను తప్పుపడతాడు. కవిత అర్థం కాకపోతే వ్యాఖ్యానం కోసం వెతుకుతాడు. కార్టూన్ అర్థం కాకపోతే మాత్రం ఎవరినీ అడగడు. అడిగితే తనకు హాస్యప్రియత్వం లేదనుకుంటారేమోనని సంకోచిస్తాడు. నలుగురూ నవ్వుతున్నప్పుడు తానూ నవ్వి ఊరుకుంటాడు.

నేను పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక సదస్సులో వక్త తెరపై ఒక ఆంగ్ల పత్రికా కార్టూన్‌ను ప్రదర్శించారు. సభ నవ్వింది. నేనూ నవ్వాను. నిజానికి అందులో నవ్వవలసినది ఏమిటో నాకు తెలియలేదు. భోజన విరామంలో పక్కన కూర్చున్న మిత్రుణ్ణి మెల్లగా అడిగితే, ఆయన కాసేపు తటపటాయించి తనకూ తెలియలేదన్నారు. ఆనాటి నవ్వులో అర్థం పాలెంతో, మొహమాటం పాలెంతో చెప్పలేను. ఈ వ్యాసానికి బీజం ఆ సంఘటనే.

అర్థంకాని కార్టూన్‌ను పరిశీలించడం వల్ల ప్రయోజనమేమిటని ప్రశ్న రావచ్చు. ఆరోగ్యంగా నడుస్తున్న యంత్రంలో ఏ భాగం ఏ పని చేస్తున్నదో బయటికి కనిపించదు. ఆగిపోయిన యంత్రాన్ని విప్పితేనే దాని నిర్మాణం తెలుస్తుంది. నవ్వించిన కార్టూన్‌కన్నా నవ్వించలేకపోయిన కార్టూనే హాస్యనిర్మాణాన్ని ఎక్కువగా బయటపెడుతుంది.

2. సైద్ధాంతిక భూమిక

హాస్యానికి మూలం అసంగతత్వమన్న భావన పాశ్చాత్యుల్లో ప్రబలమైనది. బిగువుగా నిలిచిన ఎదురుచూపు ఒక్కసారిగా శూన్యంగా మారడం వల్ల నవ్వు పుడుతుందని కాంట్ 1790లో వెలువరించిన గ్రంథంలో చెప్పాడు. మనస్తత్వ శాస్త్రవేత్త జెర్రీ సల్స్ 1972లో దీనిని రెండంచెల ప్రక్రియగా వివరించాడు. మొదటి అంచెలో పాఠకుడు ఊహించినదానికి విరుద్ధమైనది ఎదురవుతుంది. రెండో అంచెలో ఆ వైరుధ్యాన్ని సమన్వయపరిచే సూత్రమేదో అతనికి దొరుకుతుంది. ఆ సూత్రం దొరక్కపోతే మిగిలేది నవ్వు కాదు, తికమక.

మన ఆలంకారికులు నవ్వును వేరే దారిలో చర్చించారు. భరతుడు వికృతమైన వేషభాషాచేష్టలను హాస్యానికి విభావాలుగా చెప్పి, స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు భేదాలు చూపాడు. అది నవ్వేవారి, నవ్వించేవారి లక్షణాలను చెప్పే వర్గీకరణ. అర్థం ఏ మెట్టు దగ్గర తప్పిపోయిందో తెలుసుకోవడానికి రసప్రకరణం కన్నా శబ్దవృత్తి విచారం ఎక్కువ ఉపకరిస్తుంది.

లక్షణకు మమ్మటుడు చెప్పిన హేతువులు మూడు. ముఖ్యార్థానికి బాధ కలగాలి. లక్ష్యార్థానికి ముఖ్యార్థంతో సంబంధముండాలి. రూఢిగాని, ప్రయోజనంగాని ఉండాలి. ‘గంగలో గొల్లపల్లె’ అన్న ప్రసిద్ధోదాహరణలో ప్రవాహం మీద పల్లె ఉండటం కుదరదు గనుక ముఖ్యార్థబాధ ఉంది. ప్రవాహానికీ తీరానికీ సామీప్య సంబంధముంది. పల్లె చల్లదనాన్నీ పావనత్వాన్నీ తెలపడం ప్రయోజనం.

కార్టూన్‌లో బొమ్మ, దాని కింది వాక్యం పరస్పరం ఆకాంక్ష కలిగి ఉంటాయి. వాక్యం లేకుండా బొమ్మ, బొమ్మ లేకుండా వాక్యం చాలాసార్లు అసంపూర్ణాలే. ఈ రెండింటినీ కలిపి ఒక మహావాక్యంగా గ్రహిస్తే, సల్స్ చెప్పిన మొదటి అంచె ముఖ్యార్థబాధకూ, రెండో అంచె ముఖ్యార్థయోగానికీ దగ్గరగా వస్తాయి. సల్స్ ప్రత్యేకంగా చెప్పని మూడో అంగం, అంటే ప్రయోజనం, మన శాస్త్రంలో అదనంగా లభిస్తున్నది. కార్టూన్ అర్థం కాలేదన్నప్పుడు ఈ మూడింటిలో ఏది లోపించిందని అడగవచ్చు.

3. ఉదాహరణల పరిశీలన

‘ది న్యూయార్కర్’ వారపత్రిక 1925 ఫిబ్రవరిలో హెరాల్డ్ రాస్ సంపాదకత్వంలో న్యూయార్క్ నగరంలో ప్రారంభమైంది. బొమ్మ, దాని కింద ఒకే ఒక్క వాక్యం గల కార్టూన్ రూపానికి ఈ పత్రిక గొప్ప ప్రాచుర్యం కల్పించింది. అర్థంకాని కార్టూన్లు అనగానే అమెరికన్ పాఠకులకు స్ఫురించే పత్రిక కూడా ఇదే.

3.1 యోగం లోకజ్ఞానంపై ఆధారపడినప్పుడు

1928లో కార్ల్ రోజ్ గీసిన బొమ్మకు ఇ.బి. వైట్ వాక్యం సమకూర్చాడు. భోజనాల బల్ల దగ్గర తల్లి, చిన్న పాప ఉంటారు. ఇది బ్రకోలీ అని తల్లి బుజ్జగిస్తుంది. తనకు మాత్రం ఇది పాలకూరేననీ, తినేది లేదనీ పాప తెగేసి చెబుతుంది.

బ్రకోలీ నేడు మన నగరాల కూరగాయల దుకాణాల్లో కూడా కనిపిస్తుంది. అందుకే ఈ కార్టూన్‌ను పిల్లల మొండితనం మీద వేసిన చిన్న చమత్కారంగా చదివి పేజీ తిప్పేస్తాం. ఆనాటి అమెరికన్ గృహాల్లో బ్రకోలీ కొత్తగా ప్రవేశిస్తున్న కూర. నాగరికమైన కొత్త పేరుతో పాత కూరనే అంటగడుతున్నారన్న అనుమానం పాప మాటల్లో ఉంది. తల్లి చూపుతున్న కొత్తదనాన్ని పాప ఒక్క వాక్యంతో కొట్టిపారేస్తున్నది. ఆ లోకజ్ఞానం లేకపోతే ముఖ్యార్థం కొంత తెలుస్తుంది గాని ప్రయోజనం అందదు.

లోకజ్ఞానం లేకపోవడమే కాదు, ఎక్కువ కావడం కూడా చిక్కే. 1941లో పీటర్ ఆర్నో గీసిన కార్టూన్‌లో ఒక విమానం కూలిపోయి ఉంటుంది. అందరూ అటు పరుగెడుతుంటారు. నమూనా పటాన్ని చంకలో పెట్టుకున్న రూపకర్త మాత్రం, ఇక మళ్ళీ గీతబల్ల దగ్గరికి వెళ్ళాల్సిందేనంటూ నింపాదిగా వెనుదిరుగుతాడు. ఆ మాట తరువాత ఆంగ్లంలో నుడికారమై స్థిరపడింది. నేటి పాఠకుడు ముందు నుడికారాన్ని నేర్చుకొని ఆ తరువాత కార్టూన్‌ను చూస్తాడు. కాబట్టి అతనికది అరిగిపోయిన మాటగా తోస్తుంది. ప్రయోజన లక్షణ కాలక్రమంలో రూఢి లక్షణగా మారుతుందని శాస్త్రపాఠంలో చెప్పుకునే విషయానికి ఇది చక్కని నిదర్శనం.

3.2 ముఖ్యార్థమే నిర్ణయం కానప్పుడు

లక్షణ దాకా పోవాలంటే ముందు ముఖ్యార్థం తెలియాలి. బొమ్మలో ఎవరు మాట్లాడుతున్నారో, ఏ వస్తువు ఏమిటో తేలకపోతే బాధకు ఆధారమే ఉండదు. హెరాల్డ్ రాస్ కార్టూన్ల ఎంపికలో పదేపదే వేసే ప్రశ్న, ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు అన్నది. మాట్లాడే పాత్ర నోరు తెరిచి కనిపించాలన్న నియమం వెనుక ఉన్నది ఈ స్పష్టతాకాంక్షే.

జేమ్స్ థర్బర్ బొమ్మలు ఆ స్పష్టతను ఎప్పుడూ పరీక్షకు పెట్టేవి. ఒక గదిలో పుస్తకాల బీరువా మీద ఒక స్త్రీ చేతులూ మోకాళ్ళూ ఆన్చి వంగి ఉంటుంది. కింద నిలబడ్డ గృహస్థు తన అతిథికి, పైనున్నది తన మొదటి భార్య అనీ, పక్కనున్నది ప్రస్తుత భార్య అనీ పరిచయం చేస్తుంటాడు. ఆ స్త్రీ బతికి ఉన్నదా, చనిపోయిందా, లేక గడ్డి కూరి నిలిపిన దేహమా అని రాస్ థర్బర్‌ను అడిగాడు. స్త్రీ దేహాన్ని అలా కూరి నిలపడం కుదరదని ఆ పనివారు చెప్పారనీ, మృతదేహం మోకాళ్ళ మీద నిలవలేదని వైద్యుడు చెప్పాడనీ, కాబట్టి ఆమె బతికే ఉండాలనీ థర్బర్ బదులిచ్చాడు. మొదట తాను మెట్లు గీయబోయాననీ, పరిప్రేక్ష్యం కుదరక అవి బీరువాగా మారాయనీ కూడా అతడే రాసుకున్నాడు.

1932లో వచ్చిన అతని ప్రసిద్ధమైన సీల్ కార్టూన్ కథ కూడా ఇటువంటిదే. బండరాయి మీద కూర్చున్న సీల్‌ను గీయబోతే ఆ రాయి మంచం తలాపి పలకలా వచ్చింది. దాంతో మంచం మీద ఒక దంపతులను చేర్చాడు. సీల్ అరుపు వినిపించిందని భర్త అన్నాడు కాబోలు. సరే, నీకు వినిపించిందనే అనుకో అని భార్య విసుక్కుంటుంది. వారి వెనుక సీల్ నిజంగానే ఉంది.

ఈ రెండు బొమ్మలకూ తేడా ఉంది. రెండోదానిలో సీల్ ఎలా వచ్చిందో తెలియకపోయినా భర్త చెప్పింది నిజమని మనకు తెలుసు, భార్యకు తెలియదు. ఆ ఒక్క ఆధారం చాలు. మొదటిదానిలో అటువంటి ఆధారం లేదు. అయినా అది నిలిచింది. కారణమేమంటే, మొదటి భార్య జ్ఞాపకం కొత్త కాపురంపై అలా పొంచి ఉంటుందన్న లక్ష్యార్థానికి ఆమె బతికి ఉందా లేదా అన్నది నిర్ణయం కానవసరం లేదు. రాస్ ముఖ్యార్థం దగ్గర యోగ్యతను కోరాడు. చిత్రం ఆ యోగ్యతాభంగం మీదనే నిలబడింది. థర్బర్ సమాధానం ఆ ప్రశ్నకు తార్కికంగా లొంగినట్లే కనిపిస్తూ దానిని ఎగతాళి చేసింది.

3.3 బాధ ఉండి యోగం లేనప్పుడు

చార్లెస్ ఆడమ్స్ 1940లో గీసిన స్కీయింగ్ కార్టూన్‌కు వాక్యం లేదు. మంచువాలు మీద ఒక వ్యక్తి కిందికి జారిపోతుంటాడు. వెనుక రెండు పాదరక్షల జాడలు కనిపిస్తాయి. ఒక చెట్టు దగ్గర ఒక జాడ చెట్టుకు ఎడమగా, మరొక జాడ కుడిగా సాగి, చెట్టు దాటాక మళ్ళీ కలుస్తాయి. దూరాన మరొకడు నివ్వెరపోయి చూస్తుంటాడు.

దీనిని స్నాతకోత్తర తరగతిలో చూపినప్పుడు కొందరు విద్యార్థులు మంచు మీది గీతలను బండి చక్రాల జాడలనుకున్నారు. అది 3.1లో చెప్పిన లోకజ్ఞానానికి సంబంధించిన చిక్కు. ఆ పలకల సంగతి వివరించాక అసలు ప్రశ్న వచ్చింది: మరి ఆ మనిషి చెట్టును ఎలా దాటాడు? ఒక విద్యార్థిని, ఒక పలక విప్పి రెండుసార్లు వెళ్ళి ఉంటాడన్నది. మరొకరు అది దయ్యమన్నారు. ప్రతి సమాధానం కొంత కుదిరి కొంత కుదరక మిగిలింది.

ఈ చిత్రానికి విప్పు లేదు. ముఖ్యార్థబాధను చూపి, యోగాన్ని ఇవ్వకుండా ఆపడమే చిత్రకారుని ఉద్దేశం. నివ్వెరపోయి చూస్తున్న రెండో వ్యక్తి చిత్రంలోని పాఠకుడు. మనకు అర్థం కాకపోవడమే ఇక్కడ అర్థమని అతని ముఖం చెబుతున్నది. అతణ్ణి తొలగించి చూస్తే ఇది పొడుపుకథ అవుతుంది. అతడుండటం వల్ల విప్పు వెతకవలసిన భారం తగ్గి, ఆశ్చర్యం పంచుకోవడం సాధ్యమవుతున్నది.

3.4 బాధ లేనిచోట లక్షణను వెతికినప్పుడు

అర్థంకాని కార్టూన్ల చరిత్రలో గ్యారీ లార్సన్ ‘ఆవు పనిముట్లు’కు ప్రత్యేక స్థానముంది. ‘ది ఫార్ సైడ్’ శీర్షిక కింద అనేక దినపత్రికల్లో వచ్చే అతని కార్టూన్లలో ఇది 1982 అక్టోబరులో వెలువడింది. ఒక ఆవు రెండు కాళ్ళ మీద బల్ల వెనుక నిలబడి ఉంటుంది. బల్ల మీద వంకరటింకర వస్తువులు నాలుగుంటాయి. కింద ఉన్న వ్యాఖ్య కేవలం ‘ఆవు పనిముట్లు’.

పాఠకుల నుండి ఉత్తరాలు వెల్లువెత్తాయి. విలేఖరులు ఫోన్లు చేశారు. చివరికి లార్సన్ పత్రికలకు వివరణ విడుదల చేయవలసి వచ్చింది. పనిముట్లు చేసుకోవడమే మనిషిని జంతువుల నుండి వేరు చేస్తుందన్న భావన ఒకటుంది. ఆవులు కూడా పనిముట్లు చేసుకుంటే అవి మొరటుగా ఉంటాయి. అంతే. నాలుగింటిలో ఒకటి రంపంలా ఉండేలా గీయడం తన పొరపాటని కూడా అతడు తరువాత రాశాడు. ఒకటి గుర్తుపట్టగలిగిన పాఠకుడు మిగిలిన మూడూ గుర్తుపడితేనే చమత్కారం విడివడుతుందని భావించాడు.

లక్షణావృత్తి కొలమానం ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని బయటపెడుతుంది. ‘ఆవు పనిముట్లు’ అన్న వ్యాఖ్యలో ముఖ్యార్థబాధ లేదు. చిత్రలోకంలో అది అక్షరసత్యం. ఉన్నది అభిధ మాత్రమే. కార్టూన్ అంటే లోపల మరొక అర్థం దాగి ఉంటుందన్న అభ్యాసం వల్ల పాఠకులు అభిధతో తృప్తిపడలేకపోయారు. రంపం ఆ అనుమానానికి ఊతమిచ్చింది. అంటే ఇది పాఠకుల అజ్ఞానం వల్ల కాక, వారికున్న చదివే శిక్షణ వల్ల కలిగిన భ్రమ. తెలుగు పద్యపాఠంలో ప్రతి మాటకూ ధ్వని వెతికే అలవాటున్న మనకు ఈ భ్రమ కొత్తది కాదు.

3.5 ప్రయోజనమే శూన్యమైనప్పుడు

నిజంగానే ఏమీ లేని కార్టూన్ కూడా ఉండవచ్చు. ఈ అనుమానాన్నే వస్తువుగా తీసుకొని 1998లో అమెరికన్ టెలివిజన్ హాస్యధారావాహిక ‘సైన్‌ఫెల్డ్’లో ఒక భాగం ప్రసారమైంది. ఎలేన్ అనే పాత్రకు ‘ది న్యూయార్కర్’లోని ఒక కుక్కా పిల్లీ కార్టూన్ అర్థం కాదు. ఎవరిని అడిగినా తేలదు. చివరికి సంపాదకుణ్ణి కలిసి నిలదీస్తే ఆయన తనకూ అర్థం కాలేదని ఒప్పుకుంటాడు. ఆ భాగాన్ని రచించిన బ్రూస్ ఎరిక్ కప్లన్ స్వయంగా ఆ పత్రికకు కార్టూన్లు గీసేవాడు కావడం విశేషం. లోపలివాడే వేసిన ఛలోక్తి గనుక దానికి పదునెక్కువ.

దండి కావ్యాదర్శం మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికలకు చెప్పిన ఉపయోగాలు ఇక్కడ స్మరణీయాలు. గోష్ఠీవినోదం, పదిమందిలో రహస్య సంభాషణ, పరవ్యామోహనం అని అతడు మూడు చెప్పాడు. చివరిది, అంటే ఎదుటివారిని తికమక పెట్టడం, గమనింపదగినది. ప్రతిష్ఠగల పత్రికలో అచ్చయిన కారణంగా ఒక కార్టూన్‌ను ఎవరూ ప్రశ్నించకపోతే, అది హాస్యంగా కాక పరవ్యామోహనంగా పనిచేస్తుంది. అర్థమైనవారు, కానివారు అని సభను రెండుగా చీలుస్తుంది. నా సదస్సు అనుభవం ఈ కోవకు చెందినదే.

4. పోలికకు గల హద్దు

లక్షణ అంతా హాస్యం కాదు. ‘గంగలో గొల్లపల్లె’ అంటే ఎవరూ నవ్వరు. తేడా ఎక్కడున్నది? లక్షణలో లక్ష్యార్థం దొరకగానే ముఖ్యార్థబాధ శమిస్తుంది. తీరాన పల్లె స్ఫురించాక ప్రవాహం మీద తేలే పల్లెను మనం ఊహించుకోము. కార్టూన్‌లో బాధ శమించదు. భర్త చెప్పినది నిజమని తెలిసిన తరువాత కూడా మంచం తలాపున సీల్ అలాగే కూర్చుని ఉంటుంది. సమన్వయం కుదిరీ కుదరని ఆ స్థితే నవ్వుకు ఆశ్రయం. బాధ పూర్తిగా తీరితే అది సాధారణ వాక్యం. అసలే తీరకపోతే ప్రహేళిక. ఈ రెండింటి నడుమనున్న ఇరుకైన దారి కార్టూన్‌ది. ప్రహేళిక రసానికి అడ్డు గనుక అలంకారం కాదన్న విశ్వనాథుని నిర్ణయాన్ని ఈ దృష్టితో మళ్ళీ చదవవచ్చు.

5. వివరణ, నవ్వు, యంత్రం

వివరించిన హాస్యం చచ్చిపోతుందని లోకప్రతీతి. అందువల్ల వివరణను చిన్నచూపు చూస్తారు. కాని వివరించగలగడమే అర్థమైందనడానికి ప్రమాణమని ఇటీవలి యంత్ర పరిశోధన గుర్తుచేసింది. ‘ది న్యూయార్కర్’ 2005 నుండి ప్రతివారం వాక్యం లేని బొమ్మ ఇచ్చి పాఠకుల చేత వ్యాఖ్యలు రాయిస్తున్నది. ఈ పోటీ సామగ్రి ఆధారంగా జాక్ హెస్సెల్ బృందం కృత్రిమ మేధకు మూడు పరీక్షలు పెట్టింది. బొమ్మకు తగిన వ్యాఖ్యను గుర్తించడం, మంచి వ్యాఖ్యను ఎన్నుకోవడం, అది ఎందుకు నవ్విస్తుందో వివరించడం. 2023లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, బొమ్మకూ వ్యాఖ్యకూ జత కుదర్చడంలో అప్పటి ఉత్తమ యంత్రనమూనాలు మనుషులకన్నా 30 శాతాంశాలు వెనుకబడ్డాయి. బొమ్మలోని విషయాలను మాటల్లో చెప్పి సాయం చేసినా, మూడింట రెండు వంతులకు పైగా సందర్భాల్లో మనుషులు రాసిన వివరణలనే న్యాయనిర్ణేతలు మెచ్చారు.

ఆ తరువాత యంత్రాల శక్తి పెరిగి ఉండవచ్చు. ఈ వ్యాసానికి ముఖ్యమైనది వేరు. ఆ పరీక్షలో నవ్వడం ఒక అంశం కాదు. ఎందుకు నవ్వాలో చెప్పడమే అంశం. మన సభల్లో నవ్వినవారిని ఎవరూ వివరణ అడగరు. యంత్రానికి పెట్టిన పరీక్ష మనకు మనం పెట్టుకున్నామా అన్నది ఆలోచించవలసిన విషయం.

6. తెలుగు పరిశోధనకు అన్వయం

తలిశెట్టి రామారావుతో మొదలై బాపు, జయదేవ్ వంటి వారి చేతుల్లో పెరిగిన తెలుగు కార్టూన్ సంపద వారపత్రికల పాత సంచికల్లో చెదిరి ఉన్నది. రేడియో లైసెన్సు, ట్రంక్ కాల్, కిరోసిన్ క్యూ వంటివి ఎరుగని తరం ఇప్పటికే పరిశోధనలోకి వచ్చింది. అమెరికన్ పాపకు బ్రకోలీ ఎంత కొత్తదో, నేటి విద్యార్థికి ట్రంక్ కాల్ అంత కొత్తది. ఎరిగినవారు ఉండగానే వివరణలు రాసుకోకపోతే, ఆ కార్టూన్లు మరికొన్నేళ్ళకు విప్పు పోయిన పొడుపుకథలవుతాయి. ఈ విషయంలో కొన్ని సూచనలు:

ఒకటి, కార్టూన్లను సేకరించేటప్పుడు బొమ్మతో పాటు సంచిక తేదీ, పుట సంఖ్య, ఆ వారపు ముఖ్యవార్తలు నమోదు చేయాలి. చాలా కార్టూన్లకు యోగం ఆ పక్క పుటలోనే ఉంటుంది.

రెండు, అర్థంకాని కార్టూన్‌ను సంకలనం నుండి తొలగించకూడదు. ఏ అంగం లోపించిందో గుర్తించి, ‘సందర్భం అస్పష్టం’ అనో, ‘వక్త అస్పష్టం’ అనో సూచించి ఉంచాలి. మరొక పరిశోధకుడికి అది అందవచ్చు.

మూడు, తరగతిలో లక్షణావృత్తిని బోధించేటప్పుడు కార్టూన్‌ను ఉదాహరణగా వాడవచ్చు. నవ్వు రాని కార్టూన్‌ను ఇచ్చి, బాధ ఏది, యోగం ఏది, ప్రయోజనం ఏది అని అడిగితే, కంఠస్థం చేసిన నిర్వచనం విద్యార్థి చేతిలో పరికరంగా మారుతుంది.

7. ముగింపు

అర్థంకానితనం ఒకటి కాదు, అయిదు విధాలని ఈ పరిశీలనలో తేలింది. లోకజ్ఞానం చాలకపోవడం, ముఖ్యార్థం నిర్ణయం కాకపోవడం, యోగాన్ని చిత్రకారుడే నిరాకరించడం, లేని లక్షణను పాఠకుడు ఊహించడం, ప్రయోజనమే లేకపోవడం. వీటిలో మొదటిది మాత్రమే పాఠకుడు తీర్చుకోగల లోటు. నాలుగోది అతని శిక్షణ చేసే మోసం. తక్కిన మూడింటికి అతడు బాధ్యుడు కాడు.

సహృదయుడంటే ప్రతిదానికీ నవ్వేవాడు కాదు. ఎక్కడ నవ్వాలో తెలిసినవాడు, తెలియనప్పుడు తెలియలేదనగలవాడు. నేటి తరగతిలో కార్టూన్ చూపినప్పుడు, నవ్వనివారు ఎవరని ముందుగా అడుగుతున్నాను. మొదట్లో ఒక్క చేయీ లేవదు. నాకూ ఒకప్పుడు అర్థం కాలేదని చెప్పాక లేస్తాయి. చర్చ అక్కడి నుండి మొదలవుతుంది.